బాంబర్ చక్రాల కింద నిమ్మకాయలు

మా ఆవిడ వసుధకి నగల మీద మోజు లేదు, చీరలంటే అంతంతమాత్రం. రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్లంటే మాత్రం ప్రాణం. పెళ్ళిచూపుల్లో "హాబీలేమైనా ఉన్నాయా?" అని మాటవరసకి అడిగాను. ప్రొపెల్లర్ విమానాల గురించి ముప్పావుగంట చెప్పింది. నా కాఫీ చల్లారిపోయింది. అప్పుడే లేచి వచ్చేయాల్సింది, రాలేదు. ఈ ప్రయాణం దాని ఫలితమే.

మేం ఉండేది అరిజోనాలో, చాండ్లర్‌లో. టూసాన్ వెళ్ళే దారిలో, చిన్న ఎయిర్‌ఫీల్డ్ పక్కన ఒక విమానాల మ్యూజియం ఉంది. అక్కడ బి-ట్వంటీఫైవ్ అనే రెండింజన్ల బాంబర్‌లో మనుషుల్ని ఎక్కించుకుని ఓ అరగంట తిప్పుతారు. ఆ శనివారంతో రైడ్లు ఆఖరని, తర్వాత ఇంజన్లు విప్పేసి దాన్ని హాల్లో బొమ్మలా నిలబెట్టేస్తారని ఈమెయిల్ వచ్చింది. వసుధ అయిదు నిమిషాల్లో సీటు బుక్ చేసింది. ధర విని నేను నోరు తెరిచాను, ఆవిడ మొహం చూసి మూసేశాను.

అసలు చిక్కు మా అత్తగారితో వచ్చింది. తెనాలి నుంచి మూణ్ణెల్లు ఉండిపోదామని వచ్చారు. విమానం వయసు వినగానే ఆవిడ లెక్కలు కట్టారు. "మా అమ్మ బతికుంటే దీని ఈడే. ఆవిణ్ణి మేడ మెట్లెక్కించడానికే భయపడేవాళ్ళం. దీన్ని ఆకాశంలోకి పంపుతారా?" అన్నారు. వారం రోజులు ఇంట్లో అదే గోల. చివరికి శుక్రవారం సాయంత్రం ఉన్నట్టుండి మెత్తబడ్డారు. "సరే, నేనూ వస్తా" అన్నారు. ఇండియన్ స్టోర్ మీదుగా వస్తూ నిమ్మకాయలు తెమ్మన్నారు. పులిహోరకేమో అనుకున్నాను.

పొద్దున అయిదున్నరకి బయల్దేరాం. మీరెవరైనా వెళ్ళేటట్టయితే తెల్లవారకుండానే కదలండి. ఎండ ముదిరితే ఈ పాత విమానాలు ఎగరవు, మన కారు ఏసీ కూడా మొండికేస్తుంది. ఐ-టెన్ హైవే మీద దక్షిణంగా వెళ్తుంటే రెండు పక్కలా ఎడారి, మధ్యలో పత్తి చేలు. కాసా గ్రాండే అనే ఊళ్ళో పెట్రోలు కొట్టించి, కారులోనే పులిహోర తిన్నాం. అది చింతపండు పులిహోర. ఆ తేడా గమనించే తెలివి నాకు ఆ టైమ్‌లో లేదు.

"బాబూ, ఆ లారీకి అంత దగ్గరగా పోనివ్వకండి" అని అత్తయ్యగారు వెనక సీట్లోంచి దారిపొడుగునా హెచ్చరిస్తూనే ఉన్నారు. వసుధ మాత్రం ముందు సీట్లో కిమ్మనకుండా కూర్చుంది. ఆమె అలా ఉందంటే లోపల పండగ జరుగుతోందన్నమాట.

ఏడుంపావుకి చేరాం. మ్యూజియం టికెట్ వేరే, రైడ్ టికెట్ వేరే. కౌంటర్‌లో అమ్మాయి అడక్కుండానే సీనియర్ డిస్కౌంట్ ఇచ్చేసరికి అత్తయ్యగారు మొహం ముడుచుకున్నారు. లోపల ఒకదాన్ని మించి ఒకటి. రెండు పొడుగాటి తోకలతో, రెండింజన్లతో పి-థర్టీఎయిట్ అనే పెద్ద ఫైటర్ ఉంది. "ఇది ఒకటా, రెండు అతికించారా?" అని అడిగారు అత్తయ్యగారు. దాని పక్కన నాలుగింజన్ల బాంబర్ డొక్క. ముక్కు మీద అరకొర బట్టల అమ్మాయి బొమ్మ. అప్పట్లో కుర్రాళ్ళు అదృష్టం కోసం అలా వేయించుకునేవాళ్ళని వసుధ వివరించింది.

"అదృష్టానికి దేవుడి బొమ్మ వేసుకోవాలి గానీ, ఈ పిల్లేం చేస్తుందే? దీనికే చలేస్తుంటేనూ" అన్నారావిడ.

మా బి-ట్వంటీఫైవ్ బయట రాంప్ మీద, అంటే విమానాలు నిలిపే సిమెంటు నేల మీద ఉంది. చూడ్డానికి బొజ్జ ఉన్న బస్సులా ఉంది. ఇంజన్ల కింద రేకు ట్రేలు పెట్టారు, వాటిలోకి నూనె టపటపా కారుతోంది. వంగి ఆ ట్రేలోకి చూశాను. చీఫ్ మెకానిక్ డగ్ నవ్వి, "కారుతుంటే మంచిదే. ఆగిందంటే లోపల అయిపోయినట్టు" అన్నాడు. ఇలాంటి ఓదార్పు నేనెక్కడా వినలేదు.

ప్రయాణికులు ఆరుగురు. మిగతా అయిదుగురూ రిటైరైన పెద్దవాళ్ళు. ఎగిరే ముందు అందరికీ ఓ పని చెప్పారు. రాత్రంతా ఇంజన్ అడుగు సిలిండర్లలోకి నూనె దిగుతుందట. స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్ రెక్కల్ని చేతుల్తో తోసి తిప్పి, దాన్ని వదిలించాలట. వసుధ రెక్క మీద రెండు చేతులూ ఆనించి, బలమంతా పెట్టి తోసింది. నేను, చూసేవాళ్ళు దాటకుండా కట్టిన తాడుకి ఇవతలి నుంచి ఫొటోలు తీశాను. వసుధ ఆ ఫొటోల్లో ఉన్నంత సంతోషంగా మా పెళ్ళి ఆల్బమ్‌లో కూడా లేదు.

రెండో ఇంజన్ దగ్గరికి వెళ్తూ డగ్ టక్కున ఆగాడు. వంగి చక్రం కిందకి చూశాడు. పసుపూ కుంకుమా రాసిన నిమ్మకాయ.

ఇంకో చక్రం కింద ఇంకోటి. ముక్కు చక్రం కింద మూడోది. డగ్ మొహంలో నవ్వు పోయింది. రాంప్ మీద ఎక్కడా ఏ వస్తువూ పడి ఉండకూడదు. ప్రొపెల్లర్ గాలికి లేచి దేనికి తగులుతుందో తెలీదు. ఒక చిన్న స్క్రూ దొరికినా, అది ఎక్కడిదో, ఇంకా ఉన్నాయో లేదో తేలేదాకా ఇంజన్ స్టార్ట్ చేయరు.

"ఇవి ఎవరివి?" అని అడిగాడు.

వసుధ వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మ కొండల వైపు చూస్తున్నారు. వేళ్ళ చివర పసుపు అలానే ఉంది. అందరూ నూనె ట్రేలు చూస్తుంటే ఆవిడ వాహన పూజ కానిచ్చేశారు. మేం కొత్త కారు కొన్నప్పుడు గుళ్ళో పంతులుగారు చేసిన పూజ చూసి, విమానానికీ అదే చాలనుకున్నారు.

"అమ్మా, ఎన్ని తెచ్చావ్?" వసుధ అడిగింది.

"నాలుగు. బండికి నాలుగు చక్రాలుంటాయిగా."

విమానానికి మూడే. డగ్‌కి చెప్పాం. "నాలుగోది ఏది?" అన్నాడు. అత్తయ్యగారు మళ్ళీ కొండల వైపు తిరిగారు.

వెతుకులాట మొదలైంది. నలుగురు వాలంటీర్లు చక్రాల గూళ్ళలోకి టార్చ్‌లు కొట్టారు. ప్రయాణికులు వరసగా నిలబడి, నేల చూసుకుంటూ నడిచారు. ఒక పెద్దాయన నా పక్కకొచ్చి, "మీ దేశంలో బాంబర్లకి నిమ్మరసం పోస్తారా?" అని చాలా మర్యాదగా అడిగాడు. అంత సూటిగా చెప్పలేం అన్నాను. ఎండ ఎక్కుతోంది. గాలి దిక్కు చూపే గుడ్డసంచీ పక్కకి తిరిగి రెపరెపలాడుతోంది. తొమ్మిదిన్నర దాటితే ఇవాళ్టికి ఎగరడం లేదని డగ్ తేల్చి చెప్పాడు.

అత్తయ్యగారు నన్ను పక్కకి పిలిచారు. "బాబూ, నేను చెప్పకపోతే ఏమవుతుంది?"

"ఎగరదండీ."

"అయితే మంచిదేగా" అన్నారు ప్రశాంతంగా.

బతిమాలి, ఏడ్చి, వారం రోజులు సాధించలేనిది ఆవిడ ఒక నిమ్మకాయతో సాధించారు. ఇంకాసేపు ఊరుకుంటే చాలు, కూతురు నేల మీదే ఉంటుంది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ నూనె చూశాక లోలోపల అదే కోరిక ఉంది. కానీ అవతల వసుధ తాడు పక్కన సిమెంటు మీద చతికిలబడింది. ఎవరినీ ఏమీ అనడం లేదు. చేతులకంటిన ప్రొపెల్లర్ నూనె కూడా తుడుచుకోలేదు.

"రేపు రావడానికి లేదండీ. ఇవాళ్టితో దీని ఇంజన్లు తీసేస్తారు. ఇంకెప్పటికీ ఎగరదు" అన్నాను.

"ఇంకెప్పటికీనా?" ఆవిడ కూతురి వైపు తిరిగి చూశారు. "దాని ఎనిమిదో ఏట గుంటూరు ఎగ్జిబిషన్‌లో ప్లాస్టిక్ విమానం కొనిపెట్టింది నేనే బాబూ. వారం కూర్చుని అతికించుకుంది. ఇల్లు ఊడుస్తుంటే నా చీపురు తగిలి రెక్క విరిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. అచ్చం ఇలాగే కూర్చుంది. ఆ మొహం నేను మళ్ళీ చూళ్ళేను."

గబగబా విమానం దగ్గరికి నడిచారు. చెక్‌లిస్ట్ పట్టుకుని నిచ్చెన పక్కన నిలబడ్డ పైలట్ గ్లెన్ ముందు ఆగి, ఆయన చొక్కా జేబు వైపు వేలు చూపించారు.

గ్లెన్ జేబులోంచి నిమ్మకాయ తీశాడు. ఆయన దాకా నిమ్మకాయల గొడవ వెళ్ళనే లేదు. ఏదో స్క్రూ కోసం వెతుకుతున్నారనుకున్నాడట. పొద్దున కాఫీ బల్ల దగ్గర ఈ పెద్దావిడ రెండు చేతులా దీన్ని అందించి దణ్ణం పెట్టిందట. "టీలోకేమో అనుకున్నాను" అన్నాడు.

పెద్దవాళ్ళని కలిసినప్పుడు చేతిలో నిమ్మకాయ పెట్టడం మా దగ్గర మర్యాద అని చెప్పాను. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని, "అదొక్కటీ ఉండనివ్వమనండి. దాని ప్రాణం ఆయన చేతిలో ఉంది" అన్నారు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. గ్లెన్ డగ్ వైపు చూశాడు. డగ్ బుర్ర గోక్కున్నాడు.

"బటనుందా ఆ జేబుకి?"

ఉంది. గ్లెన్ నిమ్మకాయని జేబులో వేసుకుని బటన్ పెట్టుకున్నాడు.

తొమ్మిదీ పాతికకి ఇంజన్లు అంటుకున్నాయి. ముందు దగ్గు, తర్వాత నీలం పొగ, ఆ తర్వాత పళ్ళు కదిలిపోయేంత మోత. చెవుల్లో పెట్టుకునే దూదో ప్లగ్గులో తప్పకుండా తీసుకెళ్ళండి. అత్తయ్యగారు చెవులు మూసుకోలేదు. రెండు చేతులూ జోడించి, విమానం చుక్కంతై మాయమైనా, మళ్ళీ కనబడి దిగేదాకా అలానే నిలబడ్డారు. నేను నీళ్ళ సీసా ఇస్తే వద్దన్నారు.

వసుధ దిగింది. జుట్టంతా రేగిపోయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైలట్ల సీట్ల కిందుగా ఉన్న ఇరుకు దారిలో పాకుతూ విమానం అద్దాల ముక్కులోకి వెళ్ళిందట. కాళ్ళ కింద ఎడారి అంతా పరుచుకుని కనిపించిందట. అంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పి, వాళ్ళమ్మని గట్టిగా పట్టుకుంది.

"దిగేముందు గాలికి ఒకటే ఊపేసిందమ్మా. అప్పటికి పైలట్ల వెనక సీటుకి వచ్చేశాను. చచ్చేంత భయమేసింది. ముందుకి వంగి, ఆయన జేబు బటన్ ఉందో లేదో చూసుకున్నాను" అంది.

గ్లెన్ వచ్చి నిమ్మకాయని రెండు చేతులా అత్తయ్యగారికి తిరిగిచ్చాడు. దణ్ణం కూడా పెట్టాడు, కాస్త వంకరగా.

పదకొండుకి పార్కింగ్‌లోకి వచ్చాం. ఇలాంటి ట్రిప్‌కి వెళ్తే ఖర్చు ఎక్కువే, మోత ఎక్కువే, మ్యూజియం కాఫీ దారుణం. అయినా వెళ్ళి చూడండి. వేరేచోట్ల ఎగిరేవి ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి, ఎంతకాలం ఉంటాయో చెప్పలేం. నేను స్టీరింగ్ ముందు కూర్చుని కారు స్టార్ట్ చేయబోయాను. అద్దంలో చూస్తే వెనక సీటు ఖాళీగా ఉంది. అత్తయ్యగారు కిందకి వంగి, నా వైపు ముందు చక్రం దగ్గర ఏదో సర్దుతున్నారు.

"అత్తయ్యగారూ, అయిపోయిందిగా, విమానం దిగిపోయింది" అన్నాను.

"విమానం సంగతి సరే బాబూ" అంటూ ఆవిడ లేచి చేతులు దులుపుకున్నారు. "ఇక్కణ్ణుంచి నడిపేది మీరేగా."