బండ అవతలి జవాబు

గనులు ప్రభుత్వం చేతికి వచ్చిన తర్వాత బ్రెజిల్ నుంచి ఒక ఇంజనీరు కోలారు గనులకు వచ్చాడు. లోతైన బంగారు గనులు వాళ్లకూ ఉన్నాయి. బండ పేలుళ్లను, అంటే గనివాళ్లు చెప్పే ఏర్‌బ్లాస్టులను, ముందుగా పసిగట్టడానికి వాళ్ల యంత్రాలనూ మన యంత్రాలనూ కలిపి వాడి చూడాలని రెండు దేశాల ఒప్పందం. నేను అతనికి తోడుగా ఉండేవాణ్ని.

అతని ముఖం కంటే అతని అలవాటే నాకు బాగా గుర్తు. యంత్రం బిగించే ముందు సుత్తితో బండను తట్టి, చెవి ఆనించి, ఎవరో పలుకుతారన్నట్టు ఎదురుచూసేవాడు. నాకు నవ్వొచ్చేది.

ఒక మధ్యాహ్నం పాత సొరంగం చివర అలాగే తట్టాడు. అవతలి వైపు నుంచి చప్పుడు వచ్చింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి.

మా మేస్త్రీ బిగుసుకుపోయాడు. "ఆ పక్కంతా ఎప్పుడో మూసేసినారు గదప్పా! ఇంగ మనుషులు యాడుండారు?"

ఇంజనీరు యంత్రాన్ని అక్కడే వదిలేసి మా చేతులు పట్టుకుని పరుగెత్తించాడు. మేము పైకి చేరేసరికి కాళ్ల కింద నేల అదిరింది. ఆ సొరంగం కూలిపోయింది.

అతను ఎండలో నిలబడి గని నోటివైపే చూస్తున్నాడు. "మూసేసిన వైపు మా దేశంవాళ్లు ఎవరైనా పనిచేశారా?" అని ఇంగ్లీషులో అడిగాడు. నేను మేస్త్రీకి చెప్పాను.

"లేదు సార్. అందరూ మా చిత్తూరు పక్కోళ్లే. ఏర్‌బ్లాస్టులో పోయినారు. పీనుగులు గూడా దొరకలేదు."

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే అతను వంగి నేలను వేలితో అలాగే తట్టాడు, రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి.

"ఈ దెబ్బలు బ్రెజిల్‌లో మా గని సంకేతం," అన్నాడు. "బయటికి పొండి అని అర్థం. ఇక్కడ నేనెవరికీ చెప్పలేదు."