దిండు గలీబులో తెల్లమట్టి

ఆయా ఒటిలియా రోజూ పొద్దున్నే వార్డు కిటికీ అంచును తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వెలుతురుకు పెట్టి చూసేది. మరక లేకపోతే "దేవా, నీకు స్తోత్రం" అనుకునేది. గ్వాటెమాలా నగరంలో, మూలకణాల మార్పిడి జరిగిన పిల్లల వార్డు అది. ఆ పిల్లల ఒంట్లో రోగాన్ని ఎదిరించే సత్తువ ఇంకా పుట్టి ఉండదు. పువ్వులో, మట్టిలో ఉండే బూజు గాలితో పాటు లోపలికి పోయి ఊపిరితిత్తులను తినేస్తుంది. అందుకే గుమ్మం దగ్గర ప్రతి సంచీ వెతకడం ఒటిలియా పని.

ఆ వార్డులోని ఏడేళ్ల మిరెయాకు ఆమె బాప్తిస్మం నాటి జ్ఞానతల్లి. ఆ వరసన ఆమె, పిల్ల తల్లి డెల్ఫినా ఒకరినొకరు "కొమాద్రే" అని పిలుచుకునేవారు. డెల్ఫినా తెచ్చుకున్న మొక్కజొన్న పిండి తమాలెలో సగం, గుమ్మం బయటే, ఒటిలియాకు దక్కేది.

"నా సంచీ చూడవా కొమాద్రే? పందిపిల్లను దాచుకొచ్చానేమో!"

"అయితే అదే అరుస్తుందిలే, పో లోపలికి."

మార్పిడి జరిగిన మూడోవారం మిరెయాకు జ్వరం పట్టుకుని వదల్లేదు. దగ్గితే రక్తం పడింది. స్కానింగులో కుడి ఊపిరితిత్తి మీద మచ్చ. బూజేనని తేల్చి సమయోవా అనే డాక్టరమ్మ పిల్ల నరంలోకి మందు ఎక్కించసాగింది.

"మట్టిగానీ లోపలికొచ్చిందా?" అని అడిగింది.

"నల్లక్రీస్తు మీద ఒట్టు, రాలేదు," అంది డెల్ఫినా.

"ఆమె మాటకు నాదీ పూచీ, డాక్టరమ్మా," అంది ఒటిలియా.

మర్నాడు పక్క మారుస్తుంటే దిండు గలీబులోంచి తెల్లమట్టి బిళ్ళ జారింది, సగం అరిగిపోయి. ఎస్కిపులాస్‌లోని నల్లక్రీస్తు గుడికి యాత్ర వెళ్ళినవాళ్ళు తెచ్చుకునే దీవెన మట్టి.

"అమ్మ రోజూ నా గుండెల మీద రాస్తుంది. నీకు చెప్పొద్దంది," అంది మిరెయా.

ఒటిలియా మెడలోనూ ఆ క్రీస్తు పతకమే ఉంది. మట్టి మీద ఆమెకు కోపం రాలేదు. ఆ పేరు మీద వేసిన ఒట్టునే సహించలేకపోయింది. బిళ్ళను గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించింది.

"దీనివల్లేనని ఖాయంగా చెప్పలేను," అంది డాక్టరమ్మ.

"సంచీ వెతకనిది నేనే. అదీ రాసుకోండి," అంది ఒటిలియా.

ఆ రోజు నుంచి తన వాటా తమాలె ఆమె కాపలాదారుకు ఇచ్చేసింది.

ఆరువారాలకు మచ్చ చిన్నదైంది. ఇక నెలల తరబడి ఇంట్లోనే మాత్రలు, రెండు పూటలా, తిండికి గంట ముందు. ఒక్కపూట తప్పినా బూజు మళ్ళీ లేవొచ్చు.

పిల్లతో ఇంటికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర డెల్ఫినా ఒటిలియా చేతులు పట్టుకుంది. "దేవుడి మట్టి కదా, బిడ్డకేం కీడు చేస్తుందనుకున్నా. మాత్రలు తప్పనివ్వను, ఒట్టు..."

"ఒట్లొద్దు," అంది ఒటిలియా మెల్లగా. "ఒక్క సాయం చెయ్యి. మాత్ర మింగిన ప్రతిసారీ నాకు ఫోను చేయించు. నువ్వు మాట్లాడకు. పిల్ల చేత చెప్పించు."