చెలమ పక్కన జానెడు గుంట

మా నల్లోడు పోయాడని పోయిన బుధవారం ఊరి నుంచి కార్డు వచ్చింది. నల్లోడంటే మా కుక్క. మా అమ్మకు చదువు రాదు, ఎవరి చేతో రాయించింది. "రెండు దినాలు నీళ్లు ముట్టలేదు. మూడో దినం పొద్దున్నే పోయినాడు. నువ్వు దిగులు పడబాక." అంతే ఉంది. నెల్లూరులో మా ట్రైనింగు స్కూలు హాస్టలు వరండాలో నిలబడి చదివాను. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయం. నీళ్లు ముట్టలేదన్న మాట చూడగానే నా ఎడమ మణికట్టు మీద మచ్చ తడుముకున్నాను. కుండ దగ్గరికి పోయి రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగాను. మింగుడుపడ్డాయి. అప్పుడు ఏడ్చాను.

కుక్క పోతే మనిషి నీళ్లు తాగి చూసుకోవడమేంటని మీరు అనుకోవచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది బోగోలుకు తూర్పున సముద్రం ఒడ్డు పల్లె. నాయన తెప్ప మీద వేటకు పోతాడు. నల్లోడు తెప్పతోపాటు నురగ దాకా పోయి, అది కనుమరుగయ్యేదాకా చూసి, ఇసుకలో పడుకునేవాడు. నాయన తిరిగొచ్చేదాకా ఎవరేం పెట్టినా ముట్టడు. వచ్చాక ఇద్దరూ ఇసుకదిబ్బ వెనక్కి పోయేవాళ్లు. అక్కడ ఇసుక తోడితే మంచినీళ్లు ఊరతాయి. మా ఊరంతా తాగేది ఆ చెలమల నీళ్లే. నాయన తనకొక చెలమ తీసుకుని, పక్కనే నల్లోడికి జానెడు గుంట తీసేవాడు. బురద నీళ్లు తేరుకునేదాకా ఇద్దరూ కూర్చుని, ఒకేసారి వంగి తాగేవాళ్లు. "నాకు ఇద్దరు కొడుకులు, ఒకడికి తోక ఉండాది" అని మా అవ్వ, అంటే నాయన తల్లి, ఎగతాళి చేసేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎండాకాలంలో, కాలవ వైపు నుంచి ఒక పిచ్చికుక్క ఊళ్లోకి వచ్చింది. దాన్ని కొట్టి చంపేలోపే అది కొన్ని కుక్కల్ని, ఒక దూడను కరిచింది. కాటు పడ్డ కుక్కల్ని కూడా ఆ వారంలోనే చంపేశారు. నల్లోడి చెవి చీరి ఉంది. గాలం గీరుకుందని నాయన, కాదు కాటేనని ఊరు. కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు. నేను ఆ చెవికి పసుపు అద్దబోయాను. నొప్పికి చటుక్కున తిరిగి నా చెయ్యి పట్టాడు. రెండు పళ్లు దిగాయి.

చెబితే వాణ్ణి చంపుతారని ఒక పూట దాచాను. రక్తపు మరక అవ్వ కంట పడింది. నాయన నన్ను భుజాన వేసుకుని కావలి ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టరుగారు పుండు సబ్బుతో చాలాసేపు కడిగించి, "కుక్కను మాత్రం చంపకండి" అన్నారు. "పది రోజులు కట్టేసి చూడండి. అది బాగుంటే పాపకు భయం లేదు. చచ్చినా, పిచ్చి లక్షణం కనపడినా వెంటనే నెల్లూరు తీసుకుపోవాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు."

నల్లోణ్ణి గుంజకు కట్టేశారు. పొద్దున లేవగానే తడిక సందులోంచి వాడు కదులుతున్నాడో లేదో చూసేదాన్ని. తర్వాత నేను నీళ్లు తాగి చూసుకునేదాన్ని. పిచ్చి పట్టిన మనిషికి నీళ్లంటే గొంతు బిగుసుకుంటుందని తోటి పిల్లలు చెప్పారు. చెప్పాక నా గొంతు రోజూ బిగుసుకున్నట్టే ఉండేది. "భయమేస్తే మింగబాక పాపా, మూడుసార్లు ఉమ్మెయ్" అనేది అవ్వ. ఆ రోజుల్లో నేను ఉమ్మని చోటు మా వాకిట్లో లేదు.

ఐదు రోజులు నాయన వేటకు పోకుండా వాడి దగ్గరే కూర్చున్నాడు. నాయన పక్కనుంటే నల్లోడు గంజి, నీళ్లు తాగాడు. ఆరో రోజుకు ఇంట్లో గింజ లేదు. నాయన తెప్ప దించాడు.

ఆ పొద్దున నల్లోడు గంజి ముట్టలేదు. ముంతతో నీళ్లు పెడితే మూతి పక్కకు తిప్పుకున్నాడు. తాడు మీద ఎగిరెగిరి, అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మూతి నుంచి చొంగ కారింది. నేను చూసి పెట్టిన కేకకు ఊరంతా వచ్చింది. మగవాళ్ల చేతుల్లో కర్రలున్నాయి.

"ఇంకేం చూడాల? నీళ్లంటే బెదరతా ఉండాడు గదా" అన్నాడు ఊరిపెద్ద.

అవ్వ పోయి గుంజ ముందు చతికిలబడింది. "కుక్కకు పిచ్చని పేరు పెట్టి చంపినట్టుండాది మీ పని. నా కొడుకు వేటకి పోయినాక వీడు ఏనాడన్నా నీళ్లు ముట్టినాడా? వాణ్ణి రానీండి. అప్పుడూ తాగకపోతే నేనే పక్కకు లేస్తా."

"ఈలోపల తాడు తెగితే?"

"తెగితే ముందర నన్నే కరస్తాడు. ముసిల్దాన్ని, కరవనీ."

నేను ఎవరి పక్షమో చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఆ కర్రలు పడితే ఈ భయం వదులుతుందని అనుకున్నాను. వెంటనే, వాడు చస్తే నా వంతు వస్తుందని వణికాను. వాడి మీద ప్రేమతో అడ్డం పడాలన్న ఆలోచన రాలేదు. అడ్డం కూర్చున్నది అవ్వ ఒక్కతే.

పొద్దు నడినెత్తి దాటాక తెప్ప వచ్చింది. నాయన తడిబట్టలతోనే వచ్చి కర్రల్ని చూశాడు. తాడు విప్పి మణికట్టుకు చుట్టుకుని దిబ్బ వెనక్కి నడిచాడు. వెనక ఊరంతా నడిచింది. చెలమ తీశాడు, పక్కన జానెడు గుంట తీశాడు. నీళ్లు తేరుకునేదాకా ఊరంతా చుట్టూ నిలబడింది. నాయన వంగాడు. నల్లోడూ వంగి, గుంట అడుగు కనపడేదాకా తాగాడు. ఊరిపెద్ద కర్ర పారేసి, "పది దినాలు అయిందాకా నువ్వు వేటకి పోబాక. గింజలు మేం చూస్తాం" అన్నాడు. అన్నట్టే నాలుగు రోజులూ ఏదో ఒక ఇంటి నుంచి అన్నం కుండ వచ్చింది.

పది రోజులు గడిచాయి. నాకు సూదులు తప్పాయి, నల్లోడు ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. నా భయం మాత్రం తాడు విప్పుకుని పోలేదు. ఆ తొమ్మిదేళ్లలో నేను వాణ్ణి ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నేను చెలమ దగ్గర కూర్చుంటే వచ్చి నా చేతి దగ్గర తల పెట్టేవాడు. నేను చెయ్యి లాక్కునేదాన్ని. కాసేపు చూసి నాయన దగ్గరికి పోయేవాడు. తను బతికి నన్ను బతికించినవాడికి నేను చేసిన మర్యాద అది.

శనివారం ఊరికి పోయాను. వాడికి ఏం జబ్బు చేసిందని అడిగితే అమ్మ అప్పుడు అసలు సంగతి చెప్పింది.

"మీ నాయన తెప్పను గాలి ఎత్తుకపోయింది. రెండు దినాలు అయిపూ అజా లేదు. వీడు ఒడ్డున్నే కూర్చున్నాడు. ముంత పెడితే మూతి తిప్పుకున్నాడు, అప్పుడెట్ట తిప్పుకున్నాడో అట్టనే. ముసిలోడు, ఎండకు తట్టుకోలేకపొయ్యె. మూడో దినం పొద్దున వీడు పోయినాడు, మద్దేనం మీ నాయన తెప్పను ఎక్కడో దూరాన ఒడ్డుకు చేర్చి, ఒడ్డెమ్మటే నడిచొచ్చినాడు. ఆ సంగతంతా రాయిస్తే నువ్వు భయపడతావని రాయించలా."

మర్నాడు నాయన వేట నుంచి వచ్చి దిబ్బ వెనక్కి పోతుంటే వెంట పోయాను. చెలమ తీశాడు. చెయ్యి ఆగకుండా పక్కన జానెడు గుంట కూడా తీశాడు. తీశాక గానీ చూసుకోలేదు. పూడ్చలేదు. రెండింట్లో నీళ్లు ఊరుతుంటే తేరుకునేదాకా కూర్చున్నాడు. నేను చిన్న గుంట పక్కన, వాడు ఎప్పుడూ తల పెట్టే చోట, ఇసుక మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. ఈసారి లాక్కోలేదు.