చెయ్యి ఇదిలిస్తే ఊడాలె

పోయిన నెల మా మేనత్త కాలం చేసింది. ఫోను మోగినప్పుడు నేను మా గ్యారేజిల ఒక జీపు కింద పండుకొని ఉన్న, కాలుతున్న సైలెన్సర్ పైపు చేతుల ఉండె. పైపు పక్కకు పెట్టి చెయ్యి ఒక్కసారి ఇదిలిస్తే గ్లౌజు జారి పడ్డది. ఫోను ఎత్తిన. "బావా, అమ్మ పోయింది. రొట్టెలు చేసి, తిని, గోడకు ఒరిగింది. గంతే" అన్నది అత్త బిడ్డ. పండు ముసలామె. మంచాన పడకుండ, ఎవరితోని చేయించుకోకుండ పోయింది. ఏడుపు వచ్చింది గని, అండ్ల బాధకన్న తృప్తే ఎక్కువుండె.

రాయచూరు బజార్ల అత్తది చిన్న దుకాణం. మామ పోయినంక ఆమెనే నడిపింది. తాళ్లు, తుడిచే బనీను గుడ్డల మూటలు, గ్రీజు డబ్బాలు, గుంజకు తోరణం లెక్క వేలాడే గ్లౌజులు. గ్యారేజోళ్లు, లారీ డ్రైవర్లు, ట్రాక్టరోళ్లు, అందరు ఆమె గిరాకే. వచ్చినోన్ని బట్టి తెలుగు, కన్నడ, ఉర్దూ మాట్లాడుతుండె. నోరు ఏ భాషల ఉన్నా కండ్లు మాత్రం వాని చేతుల మీదనే ఉంటుండె. "ఎంతల కావాలె" అని ఎన్నడు అడగలె. "ఏం పట్టుకుంటవు?" అని అడుగుతుండె.

ఒకసారి గోరేబాళ నుంచి వరికోత మిషన్ ఉన్న రైతొకాయన వచ్చిండు. కాలువ కింద స్థిరపడ్డ ఆంధ్రోళ్లల ఒకాయన. రబ్బరు పూత ఉన్న నీలం గ్లౌజులు చూపిచ్చి, "ఇవే ఇయ్యండమ్మా, పట్టు బాగుంది" అన్నడు.

"ఏం పట్టుకుంటరు?"

"ఇంజను పక్కన పైపులండి. పొలంలో ఆగిపోతే చల్లారేదాకా కూర్చోలేం కదండీ."

"నూనె చేతుల పనికైతే గియ్యి మంచియే. కాలే పైపుకు పెడితె రబ్బరు కరిగి తోలుకు అంటుకుంటది. గప్పుడు గ్లౌజు తీస్తరా, తోలు తీస్తరా?" అని, లోపట మందం గుడ్డ కుట్టిన పొడుగు తోలు గ్లౌజులు దించింది. ఆయన తొడుక్కొని, "వదులుగా ఉన్నాయమ్మా" అన్నడు.

"ఉండాలె. చెయ్యి ఇదిలిస్తే ఊడాలె. వేడి లోపటికి వచ్చినంక వేళ్లు ఒక్కొక్కటి గుంజుకుంట కూసుంటరా?"

ఆయన నవ్వి తీస్కపోయిండు.

కొత్త మాలు వస్తె అండ్లకెల్లి ఒక జత ఇంటికి తెస్తుండె. జొన్నరొట్టెలు చేసినంక, ఆ గ్లౌజులతోని ఇనుప పెనం పొయ్యి మీదికెల్లి దించి వాకిలి గడప దాక నడుస్తుండె. గడప దాక చెయ్యి ఓర్చుకుంటే ఆ మాలు దుకాణంల వేలాడుతది, లేకుంటే వాపస్. అత్త దగ్గర కొన్న గ్లౌజులు జొన్నపిండి వాసన వస్తయని మేము నవ్వుతుంటిమి. ఒక ఏజెంటు వచ్చి, "ఇది ఎంత వేడినైనా ఆపుతదమ్మా, అట్ట మీద రాసి ఉంది" అంటే, "అట్టకు చేతులు లేవు నాయనా. నా పెనం పట్టుకొని గడప దాక పో, తర్వాత మాట్లాడుదాం" అన్నది. ఆయన ఛాయ్ తాగి ఎల్లిపోయిండు.

ఇగ నా సంగతి చెప్పాలె. మా గ్యారేజీలల్ల ఒక ఆదత్ ఉంది. పత్తి గ్లౌజును నీళ్లల ముంచి, పిండి, కాలే పైపు పట్టుకుంటం. తడి ఉంటే చల్లగ ఉంటదని నమ్మకం. రాయచూరు ఎండలకు మాకు నీళ్ల మీద నమ్మకం జర ఎక్కువే. ఏండ్ల కింద నేను గూడ గట్లనే పట్టిన. గ్లౌజుల నీళ్లు ఆవిరై అరచెయ్యి ఉడికింది. బిగుతు గ్లౌజు, జల్ది ఊడలె. ఇది చదివేటోళ్లల గ్యారేజోళ్లుంటే దయచేసి ఆ పని చెయ్యకుండ్రి.

పుండు మానింది గని భయం మానలె. ఇంజను సెగ తగిలితే చాలు, చెయ్యి దానంతటదే వెనుకకు వస్తుండె. బండి చల్లారెదాక ఆగుదమంటే గిరాకి ఆగుతదా? ఒక్కొక్కరు పక్క గ్యారేజికి మళ్లిండ్రు. చేతిల ఇంకో పని లేదు నాకు. షటర్ గుంజి, ఏదన్న రైసుమిల్లుల వాచ్‌మన్ పనికి పోదామనుకున్న. ఇంట్ల చెప్పలె, అత్తకు చెప్పిన.

ఆమె "భయపడకు" అనలె. "పొద్దుమీకి రొట్టెల యాళ్లకు రా" అన్నది. పోయిన. నా చేతికన్న పెద్ద తోలు గ్లౌజులు ముందర పెట్టి, "ముందుగాల ఒట్టి చెయ్యి వెనకతట్టు పెనం దగ్గర పెట్టి చూడు. తాకకు. ఎంత వేడున్నదో అదే చెప్తది" అన్నది. చూసిన. "ఇగ తొడుగు. గడప దాక అక్కెర లేదు, పొయ్యి పక్కకు దించు. దించినంక ఇదిలియ్యి."

పెనం ఎత్తిన. దించి ఇదిలిస్తే గ్లౌజు ఎగిరిపోయి పిండి తాంబాళంల పడ్డది. అత్త ఆ పిండినే ముద్ద చేసి తట్టుకుంట, "ఈ రొట్టె నీకే" అన్నది. అంతల మల్ల నిదానంగ చెప్పింది: "వేడిని ఆపే గ్లౌజు ఏ దుకాణంల లేదు బిడ్డా. ఏ గ్లౌజైనా చెయ్యి ఇడిసేటందుకు జర సమయం ఇస్తది, గంతే. ఆ జరంత ఉన్నదని ఎరుకుంటె ఫికర్ ఎందుకు?"

అట్ల కొన్నాళ్లు ఆమె రొట్టెలు కాల్చింది, నేను పెనం దించిన. ఎల్లిపాయ కారం, పుంటికూర పప్పు ఏసుకొని కడుపునిండ తింటుంటి. ఒకనాడు ఏదో మాట్లాడుకుంట పెనం పట్టుకొని నడిచిన. కాలికి గడప తగిలినంక తెలిసింది, ఎక్కడిదాక వచ్చిన్నో. అత్త చూసి, "రేపటిసంది నీ రొట్టె నీ ఇంట్లనే తిను" అన్నది. తెల్లారి షటర్ ఎత్తిన. ఆ షటర్ నా పిల్లల కడుపులు నింపింది, ఇప్పటికి నింపుతనే ఉంది.

అత్తకు కొడుకులు లేరు, నిప్పు నేనే పెట్టిన. మూడొద్దులకు బొక్కలు ఏరనీకి పోయినం. పాలు, నీళ్లు చల్లినం. లోపట ఇంక వేడి ఉంటదని మా చిన్నాయన భయపడ్డడు. "నీ జేబుల గ్లౌజులు ఉండనే ఉన్నయి గదరా, తొడుక్కో" అన్నడు. ఉన్నయి. అత్త తన చేతులతోని ఏరి ఇచ్చిన ఆఖరి జత.

నేను కింద కూసొని, ఒట్టి చెయ్యి వెనకతట్టు బూడిద దగ్గర పెట్టిన. రొట్టెలైపోయినంక చల్లారే పెనం లెక్క వెచ్చగ ఉండె. చెయ్యి వెనుకకు రాలె. గ్లౌజులు జేబులనే ఉంచి, ఒట్టి చేతులతోనే ఏరి కుండల పెట్టిన. దేవసూగూరు కాడ కృష్ణ నీళ్లల చేతులు ముంచేదాక ఆ వెచ్చదనం నా అరచేతులల్లనే ఉండె.