టీచరమ్మ మాటైతే వింటాడు

పొద్దున మా ఆయన పొట్టమీద స్పిరిటు దూది రుద్దుతుంటే ఆ వాసనకి సారా అనే టీచరమ్మ గుర్తొచ్చింది. పుంగనూరులో మా పక్కింట్లో ఉండేది. చనిపోయి ఏడాది దాటింది. ఆయనకు ఇన్సులిన్ సూది వేసుకోవడం నేర్పిన మనిషి, నా ఒళ్ళు మండించిన మనిషి.

ఆమెకూ చక్కెర జబ్బే. రోజూ ఒకేచోట గుచ్చుకుంటే చర్మం కింద గడ్డలు కడతాయి, అక్కడ మందు సరిగా పట్టదు, చోటు మార్చమని నేనంటే, నువ్వేమన్నా డాక్టరమ్మవా అని ఈయన ఎగిరిపడేవాడు. అదే మాట ఆమె చెబితే బుద్ధిగా తల ఊపేవాడు. వండిపెట్టేది నేను, మాట చెల్లేది ఆమెది! ఆయన తల్లి వయసు మనిషిని చూసి కుళ్ళుకోవడమేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అయినా గోడవతల ఆమె గొంతు వినబడితే చాలు, చేతిలో గిన్నె ఠంగున కింద పెట్టేదాన్ని.

ఒకరోజు సూది వేసుకుని అన్నానికి కూర్చోబోతుంటే మదనపల్లె టమోటా మార్కెట్టు నుంచి ఫోనొచ్చింది. ధర పడిపోయిందని మండీవాళ్ళతో వాదిస్తూ తిండి మరిచాడు. కాసేపటికి ఒంట్లో చక్కెర పడిపోయి చొక్కా చెమటతో తడిసింది, చేతులు వణికాయి, మాట తడబడింది. చక్కెర నీళ్ళు ఇస్తే నా చేతిని తోసేశాడు. టీచరమ్మను కేకేశాను. ఆమె వచ్చి, మింగగలిగే తెలివిలోనే ఉన్నాడని చూసుకుని, "మునెప్పా, తాగు" అంది. తాగాడు. తేరుకున్నాక అన్నం పెట్టించింది. మనిషి దక్కాడన్న సంతోషం కంటే ముందు నాకు అసూయే పొడుచుకొచ్చింది. ఆమె కనిపెట్టేసింది. వాకిట్లోకి వచ్చాక నెమ్మదిగా అంది: "యాలమ్మా నామింద కోపం? నేను కుప్పంలో కూతురి దగ్గరికి పోతాండా. ఇంక ఆయప్పకు ఉండేది నువ్వే. కంచం ముందర పెట్టినాకనే సూది ఇయ్యి."

ఆమె వెళ్ళినందుకు సంతోషించాను, దాచేదేముంది. తర్వాత ఆమె పోయిందని కుప్పం నుంచి కబురొస్తే ఈయన కుమిలి కుమిలి ఏడ్చాడు. నేను పోతే ఇంత ఏడుస్తాడా అనుకున్నాను.

మొన్న సూది వేసుకుని, సగం తిని లేచిపోయాడు. మళ్ళీ అదే చెమట, అదే వణుకు. గ్లాసు నోటి దగ్గర పెడితే ముఖం తిప్పేశాడు. బతిమాలాను, తిట్టాను, వినలేదు. పెళ్ళయినప్పటి నుంచి మొగుడి పేరు నోట పలకనిదాన్ని, ఆమెలాగే గొంతు గట్టి చేసి, "మునెప్పా, తాగు" అన్నాను.

"సరే టీచరమ్మా" అని తాగాడు.

చచ్చిపోయిన మనిషిమీద కుళ్ళుతో నా కళ్ళు నిండాయి. అయినా గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆమె గొంతుతోనే మాట్లాడాను.