రాజవ్వ తొక్కులో ఉప్పు

ఆరు ఎండాకాలాల నుంచి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మామిడికాయలు వచ్చే రోజుల్లో అది ఇంకా బరువెక్కుతుంది. వీధిలో ఎవరింట్లోనో ఆవాలు దంచుతున్న చప్పుడు వినిపిస్తే చాలు, లేచి వెళ్లి కిటికీ మూసేస్తాను. ఎండ పడుతుందని మూశాననుకుంటాడు మా ఆయన. అనుకోనీ.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకే మీకు చెబుతున్నాను. నా పేరు చెప్పను. ఆమె పేరు కూడా మార్చి రాస్తున్నాను. రాజవ్వ అనుకోండి. ఆమె అసలు పేరును నేను ఒకసారి వాడుకున్నాను. రెండోసారి వాడుకోను.

నాది సిరిసిల్ల. మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక కోరుట్ల వచ్చాను. వచ్చిన కొత్తలో ఇక్కడి నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదు. తర్వాత జగిత్యాలలో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌కు పోయి ఆన్‌లైన్ మార్కెటింగ్ నేర్చుకున్నాను. ముందుగదిలో టేబుల్ వేసుకుని పని మొదలుపెట్టాను. జనం ఫోన్లలో ఏ మాటలు పెట్టి వెతుకుతున్నారో చూడటం ఆ పనిలో సగం. వాటిని కీవర్డ్స్ అంటారు. అమ్మేవాడు తన సరుకును ఒక మాటతో పిలుస్తాడు, కొనేవాడు ఇంకో మాటతో వెతుకుతాడు. ఆ ఇద్దరినీ కలిపితే దుకాణం నడుస్తుంది. అంతే విద్య.

ఆ పని నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక తెర ముందు కూర్చునేదాన్ని. మాటలు ఒకదాని కింద ఒకటి వచ్చేవి. దగ్గర్లో మంచి టైలర్. పాప అన్నం తినకపోతే ఏం చేయాలి. కోరుట్ల బస్సు ఎన్ని గంటలకు. అడిగినవాళ్లు కనబడరు, అడిగిన మాట మాత్రం ఉంటుంది. బయట ఎండ తెల్లగా పరుచుకుని ఉండేది, పైన ఫ్యాను మెల్లగా తిరిగేది, నా కళ్లు మూతలు పడుతుండేవి. అప్పుడు ఆ మాటలకు గొంతులు కూడా వినబడేవి. లోకమంతా వచ్చి నా ముందుగదిలో తన అవసరాలు గొణుక్కుంటున్నట్టు ఉండేది. నన్ను నమ్మి చెప్పుకుంటున్నారనిపించేది. నమ్మకం అనే మాట వాడే అర్హత నాకు ఉందా? లేదు. అయినా అప్పుడు అలాగే అనిపించేది.

రాజవ్వ ఇల్లు మా ఇంటికి రెండిళ్ల అవతల. భర్త పోయాక ఒంటరిగా ఉండేది. ఒక్కగానొక్క బిడ్డను గంభీరావుపేటలో ఇచ్చింది. ప్రతి ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టేది. ఆ తొక్కు గురించి వర్ణించి చెప్పడం నాకు చేతకాదు. వేడి అన్నంలో కలుపుకుంటే ఎవరూ మాట్లాడకుండా తినేవారు, అంతవరకు చెప్పగలను. ఆమెకు వీధిలో ఉన్న పేరు ప్రతిష్ఠ అంతా ఆ చేతిదే.

మా దగ్గర ప్రతి వాడలో గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉంటారు. ఎవరైనా దుబాయ్‌కో మస్కట్‌కో బయలుదేరుతున్నారంటే, ఆ ఇంటికి వాడంతా పార్సళ్లు మోసుకొస్తుంది. ఒకరి సూట్‌కేసులో పదిమంది తొక్కు పోతుంది. అక్కడ ఒక చేతి నుంచి ఇంకో చేతికి, ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకు మారుతుంది. చివరికి ఏ డబ్బా ఎవరి పళ్లెం దగ్గరికి చేరిందో పెట్టినామెకు తెలియదు. పంచుకుని తినడం అక్కడి పద్ధతి. రాజవ్వ తొక్కు అట్లా ఆమె ఎన్నడూ చూడని ఊళ్లకు పోయింది. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఆమె జాడీలకు వాసెన కట్టడానికి సిరిసిల్ల తెల్లగుడ్డ ముక్కలు నేనే తెచ్చి ఇచ్చేదాన్ని. ఇది గుర్తు పెట్టుకోండి. నేను పరాయిదాన్ని కాదు.

జగిత్యాల పక్కన మామిడితోటలున్న ఒక ఆసామి తొక్కులు, పచ్చళ్ల వ్యాపారం పెట్టాడు. నాకు దొరికిన మొదటి పెద్ద పని అది. సీజన్ దాటేలోపు ఆయన ఫోను మోగాలి. మోగించి చూపిస్తానని నేనే గొప్పగా చెప్పాను. నా పనిని ఇంట్లో ఎవరూ పనిగా లెక్కపెట్టని రోజులవి. రోజంతా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది అనేవారు. వాళ్ల నోళ్లు మూయించాలన్న పంతం కూడా ఉండేది, దాచడమెందుకు.

మామిడి పచ్చడి ఆన్‌లైన్ అని వెతికి చూశాను. అక్కడ పెద్ద పెద్ద కంపెనీలు ముందే కూర్చుని ఉన్నాయి. జగిత్యాల పచ్చళ్లు అని చూశాను. ఆ మాట ఎవరికీ పట్టలేదు. మా వాళ్లు పచ్చడి అనరు, తొక్కు అంటారు కదా అని ఆ మాట పెట్టాను. అప్పుడు వచ్చింది. దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి, కువైట్ నుంచి. కోరుట్ల రాజవ్వ తొక్కు. రాజవ్వ తొక్కు ఎక్కడ దొరుకుతుంది. రాజవ్వ తొక్కు పార్సల్.

ఆ మాటలను మళ్లీ మొదటి నుంచి చదివాను. ఎక్కడో ఇసుక దేశంలో పని ఆపి, నీడన కూర్చుని, ఎవరో ఒకతను ఈమె పేరు టైపు చేశాడు. వాళ్లు సరుకు అడగడం లేదు. ఒక చేతిని అడుగుతున్నారు. ఆమె ఆ క్షణాన రెండిళ్ల అవతల గడప మీద కూర్చుని ఎల్లిగడ్డ పొట్టు తీస్తోంది. తన పేరు సముద్రం దాటి తిరుగుతోందని ఆమెకు తెలియదు. ఆ పేరు వెతికితే ఏమీ వచ్చేది కాదు. తలుపు తట్టితే ఎవరూ పలకని ఇల్లులా ఉండేది. నా పని చేసేవాళ్లు అలాంటి ఖాళీ చోటు కోసమే రోజంతా వెతుకుతారు.

ఆ చోట రాజవ్వ ఫోన్ నంబరు పెట్టాలన్న ఆలోచన నాకు వచ్చిందా? వచ్చింది. అబద్ధమాడను. వచ్చిన ఆలోచనను నేనే తోసేశాను. ఆమె పెట్టేది నాలుగు జాడీలు, అంతమందికి ఎక్కడ సరిపోతుంది అనుకున్నాను. ఆమెకు పోయేదేముంది అనుకున్నాను. మనిషి తప్పు చేసే ముందు తనకు తాను ఎంత ముద్దుగా నచ్చజెప్పుకుంటుందో ఆ మధ్యాహ్నం నాకు తెలియలేదు, ఇప్పుడు తెలుసు.

పేజీ తయారు చేశాను. పైన పెద్ద అక్షరాల్లో కోరుట్ల రాజవ్వ తొక్కు. కింద జగిత్యాల నంబరు. ఫోటో రాజవ్వ ఇంట్లోనే తీశాను. ఎందుకని ఆమె అడగలేదు. జాడీని వెలుతురులోకి తానే జరిపి, వాసెన గుడ్డ ముడతలు చేత్తో సరిచేసి, ఫోటోలో తన నీడ పడకుండా పక్కకు తప్పుకుంది. ఆ ఆసామికి కూడా ఏమీ తెలియదు. రాజవ్వ ఎవరు మేడం అని ఒకసారి అడిగాడు. జనం వెతికే మాట సార్, అంతే అన్నాను. బతికున్న మనిషిని పట్టుకుని మాట అన్నాను.

ఫోను మోగింది. బాగా మోగింది. జగిత్యాలలో మిషన్ల మీద తయారైన తొక్కు, సిరిసిల్ల తెల్లగుడ్డ కట్టుకుని, రాజవ్వ పేరుతో దేశాలు దాటింది. ఆ గుడ్డ ఆలోచన కూడా నాదే.

వానలు మొదలయ్యే వేళకు చుట్టీ మీద మనుషులు రావడం మొదలైంది. చుట్టీ అంటే గల్ఫ్ నుంచి సెలవు. వచ్చినవాళ్లు రాజవ్వను పలకరించడానికి వెళ్లేవారు. ఈసారి తొక్కు కుదరలేదవ్వా అని ఒకరు. ఎందుకో ఎన్కటి రుచి లేదు అని ఇంకొకరు. ఎవరూ చెడ్డగా అనలేదు, ప్రేమగానే అన్నారు. వాళ్లు తిన్నది తన తొక్కు కాదని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? తెప్పించింది ఎవరో, క్యాంపులో పంచుకుని తిన్నది వీళ్లు. ఏ డబ్బా ఎవరికి చేరిందో ఆమెకు ఎన్నడూ తెలియదు కదా. చేతులు మారి పోయిన నా తొక్కే అయి ఉంటుంది అనుకుంది.

ఒక రోజు మధ్యాహ్నం నన్ను పిలిచింది. సన్నగా తుంపర పడుతోంది. పీట వేసింది. పళ్లెంలో వేడి అన్నం, పక్కన తొక్కు.

"కూసో బిడ్డ. నీతోని ఒక పనున్నది" అంది. "దుబాయ్‌కెల్లి అచ్చినోళ్లు అందరు ఒక్కతీరుగ అంటున్నరు, తొక్కు ఎన్కటి లెక్క లేదని. నాకైతే గట్ల అనిపిస్తలేదు. ముసలిదాన్నైతి, నా నాలుకను నేను నమ్మద్దా ఏంది? నువ్వు జెర తిని చెప్పు. ఉప్పు గిట్ల తక్కువైందా?"

ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. ఎప్పటి తొక్కే అది. ఉప్పు, కారం, పులుపు, పల్లినూనె వాసన, దేని చోట అది ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికి అనుకుని ఆమె నీళ్ల చెంబు జరిపింది.

బాగుందని చెబితే ఏమవుతుంది? బాగుంటే మరి వాళ్లు తిన్నది ఎవరి తొక్కు అని అడుగుతుంది. ఎవరినైనా ఫోను తీసి చూపించమంటుంది. పేజీ కనబడుతుంది. తను వెలుతురులోకి జరిపిన జాడీ కనబడుతుంది. ఇదంతా ఒక ముద్ద నమిలేంత సేపట్లో నా తలలో తిరిగింది. నా బుర్ర అంత చురుగ్గా ఇంకెన్నడూ పనిచేయలేదు.

"మొగమాటపడకు బిడ్డ" అంది.

"ఏమో అవ్వా" అన్నాను. "ఈసారి జెర తేడానే కొడుతున్నది."

"ఉప్పేనా?"

"ఉప్పే కావచ్చు."

ఆమె తన అరచేతిని తిప్పి చూసుకుంది. కొంచెంసేపు చూసుకుంది. తర్వాత నా తల నిమిరి, "నువ్వొక్కదానివే మొగం మీద నిజం చెప్పినవ్. ఈ వాడల ఉన్నోళ్లంత మంచిగున్నది మంచిగున్నది అనుకుంట తినిపోతున్నరు" అంది.

నేను మీకు ఒప్పుకోవాలనుకున్నది ఇదే. పేరు దొంగిలించడం తప్పే, కాదనను. కానీ అలాంటి పని ఈ వ్యాపారంలో ఎంతోమంది చేస్తారు, దానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. ఆ ముద్ద నోట్లో ఉండగా నేను ఆడిన అబద్ధానికి సాకు లేదు. వాడలో అందరూ ఆమెకు నిజం చెప్పారు. నేనొక్కదాన్నే అబద్ధం చెప్పాను, ఆమె నన్నొక్కదాన్నే నమ్మింది.

మరుసటి ఏడాది ఆమె తొక్కు పెట్టలేదు. మామిడికాయల బండివాడు గుమ్మం ముందు ఆగి పిలిచి పిలిచి పోయాడు. జాడీలు గోడ వారన బోర్లించి ఉన్నాయి. అక్కడితో ఆగినా బాగుండేది. పప్పులో ఉప్పు వేసి కూడా పక్కింటివాళ్లను పిలిచి రుచి చూడమనేది. ఎల్లకాలం చేత్తోనే కొలిచిన మనిషి చెంచాతో కొలవడం నేను చూశాను. చూసి ఇంట్లోకి వెళ్లిపోయాను. పేజీ తీసేశాను. ఆసామి పనికి నమస్కారం పెట్టాను. అదేమీ మంచితనం కాదు, దొరికిపోతానన్న భయం. ఆయన తన సొంత పేరుతో వ్యాపారం చేసుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు. ఆ పై ఏడు రాజవ్వ ఇంటికి తాళం వేసి బిడ్డ దగ్గరికి గంభీరావుపేట వెళ్లిపోయింది.

కలల్లో మాత్రం ఆ ఇల్లు తెరిచే ఉంటుంది. లోపల మనుషులెవరూ ఉండరు. తెల్లగుడ్డలు కట్టిన జాడీలు వరుసగా ఉంటాయి, సిరిసిల్ల మగ్గాల చప్పుడు దూరంగా వినబడుతుంటుంది, ఎక్కడెక్కడివో గొంతులు ఆమె పేరు చెప్పి అడుగుతుంటాయి. నేను ఒక్కో జాడీ విప్పి చూస్తుంటాను. అన్నింట్లోనూ తొక్కు నిండుగా ఉంటుంది. మెలకువ వచ్చాక నోరంతా ఉప్పగా ఉంటుంది.

పోయిన ఎండాకాలం సిరిసిల్ల వెళ్లినప్పుడు గంభీరావుపేట బస్సెక్కాను. చెప్పేద్దామనే వెళ్లాను. దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. రాజవ్వ నన్ను చూసి ఎంత సంబరపడిందో. బిడ్డ పొలానికి పోయింది, ఆ రోజు వంట తనే చేసింది. వడ్డించి, నా పళ్లెం పక్కన చిన్న గిన్నెలో ఉప్పు విడిగా పెట్టింది.

"తక్కువైతే ఏసుకో బిడ్డ. నా చెయ్యి సంగతి నీకు ఎర్కనే గదా" అంది.

వంకాయ కూర. రుచి చూశాను. "ఉప్పు సరిపోయిందవ్వా. ఎక్కువ లేదు, తక్కువ లేదు" అన్నాను. ఇన్నేళ్లలో నేను ఆమెతో ఆడిన మొదటి నిజం అది.

ఆమె నవ్వింది. "ఊకో. గప్పుడు నిజం చెప్పినవ్. గిప్పుడు నా మీద ప్రేమతోని అంటున్నవ్" అంది. గిన్నెలోంచి చిటికెడు ఉప్పు తీసి తనే నా కూరలో చల్లింది.

ఆ అన్నం మొత్తం తిన్నాను. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. రాకపోయిందా, నేను రానివ్వలేదా? రానివ్వలేదు. బస్సు వేళయిందని లేచి వచ్చేశాను. ఆమె వీధి మలుపు దాకా వచ్చి చెయ్యి ఊపింది.

ఇప్పటికీ మామిడికాయలు వచ్చే రోజుల్లో ఆమె అసలు పేరు పెట్టి చూస్తాను. వెతికేవాళ్లు తగ్గిపోయారు, కానీ ఎవరో ఒకరు ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఆ చోటు మళ్లీ ఖాళీగా ఉంది. మీరు నన్ను క్షమించే పని పెట్టుకోకండి, అది మీ చేతిలో లేదు. మళ్లీ గంభీరావుపేట వెళ్తానో లేదో కూడా మాట ఇవ్వలేను, నా సంగతి నాకు తెలుసు. ఇన్నేళ్లూ ఈ ఒక్క మాటను నాలో నేను కూడా అనుకోలేదు. ఇప్పుడు కిటికీ తెరిచే ఉంది. ఎవరింట్లోనో ఆవాలు దంచుతున్నారు. రాస్తున్నాను.

ఆ రోజు తొక్కులో ఉప్పు సరిగ్గానే ఉంది, అవ్వా.