రాయ్‌పూర్ అవార్డుల సభలో సుగుణ పిన్ని గొంతు

“అవార్డొస్తే ఈల వెయ్యడానికి ఒక మనిషి కావాలే పద్మా. మీ బాబాయికి ముందు పళ్ళు లేవు” అని సుగుణ పిన్ని ఫోన్ చేయడంతో నా రాయ్‌పూర్ ప్రయాణం ఖాయమైంది. పిన్నిది శ్రీకాకుళం. రైల్వేలో పనిచేసే బాబాయిని పెళ్ళి చేసుకుని రాయ్‌పూర్ వెళ్ళి, నర్సుగా చేసి రిటైరయింది. ఆ తర్వాత ఒకరోజు వాళ్ళ వీధిలో ఛత్తీస్‌గఢీ సీరియల్ షూటింగ్ జరుగుతుంటే, సూది ఎలా పట్టుకోవాలో చూపించమని పిలిచారు. పిన్ని చూపించిన తీరు నచ్చి దర్శకుడు నర్సు వేషం ఆవిడకే ఇచ్చేశాడు. ఆరేళ్ళుగా తల్లి వేషాలు, అత్త వేషాలు వస్తూనే ఉన్నాయి. ఏటా అక్కడి సినిమా, టీవీ వాళ్ళకిచ్చే అవార్డుల్లో ఈసారి ఒక సినిమాలో తల్లి వేషానికి ఉత్తమ సహాయనటి జాబితాలో పిన్ని పేరు కూడా ఉంది.

విశాఖలో సాయంత్రం రైలెక్కితే రాయగడ మీదుగా మర్నాడు ఉదయానికి రాయ్‌పూర్ చేరవచ్చు. స్లీపర్ టికెట్ నాలుగైదు వందల్లో దొరుకుతుంది. నేను తెలియక ముందువైపు గేటులోంచి బయటికొచ్చి ఆటో ఎక్కాను. “దీదీ, గుఢియారీ తో పీఛే హై!” అని డ్రైవర్ నవ్వాడు. పిన్ని వాళ్ళుండే గుఢియారీ స్టేషన్‌కి వెనకవైపట, అటు దిగితే పది నిమిషాల నడకట. నవ్వుతూనే చుట్టూ తిప్పి, ఎనభై రూపాయలు తీసుకుని ఇంటి ముందు దింపాడు.

బియ్యప్పిండితో పోసే అట్టుని అక్కడ చీలా అంటారు. టమాటా పచ్చడితో నాలుగు తిన్నాక చూస్తే పిన్ని మొహంలో కళ లేదు. పట్టుచీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసి ఉంది, కట్టుకోవాలన్న తొందరే కనిపించలేదు.

“ఏటైంది పిన్నీ?”

ఆహ్వానపత్రిక నా చేతికిచ్చింది. డబ్బింగ్ కళాకారుల జాబితాలో తిల్దా అనే పక్క ఊరికి చెందిన దులారీ అనే ఆవిడ పేరుంది. పిన్ని మాట్లాడే ఛత్తీస్‌గఢీలో శ్రీకాకుళం యాస పోదని, ఆవిడ పాత్రలన్నిటికీ దులారీ చేతనే మాట్లాడించారు. ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు.

“మొహం నాది, ఆవాజ్ ఆవిడది. సినిమా మొత్తం ఏడిసింది దులారీ గాని నేను కాదు కదే. నేనే మాటాడుంటే అందరూ నవ్వీసేవోరు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?”

“టికెట్ పెట్టుకుని వచ్చిన పిల్ల మొహం చూసి వెళ్ళు” అన్నాడు బాబాయి. పిన్నికి నవ్వొచ్చి చీర అందుకుంది.

కార్డు మీద నాలుగు గంటలని ఉంది, సభ ఐదున్నరకి మొదలైంది. పాసులు ఉచితం. ఆడిటోరియం నిండిపోయి, మెట్ల మీద కూడా జనం కూర్చున్నారు. పాటలు, డాన్సులు అయ్యాక డబ్బింగ్ అవార్డు ప్రకటించారు. దులారీ పేరు పిలిచారు. నేతచీర కట్టుకున్న చిన్నపాటి మనిషి, గబగబా మెట్లెక్కి మైకు దగ్గర నిలబడింది. ఆవిడ మాటలు బాబాయి నా చెవిలో తెలుగులో చెప్పాడు.

“ఆరేళ్ళుగా చీకటి గదిలో కూర్చుని ఒక తల్లి పెదాలే చూస్తున్నాను. ఆమె ఊపిరి తీస్తే నేనూ తీశాను. ఆమె కళ్ళల్లో ఏడుపు లేకపోతే నా గొంతులోకి ఎక్కడినుంచి వస్తుంది? ఆ దాయీ ఇక్కడుంటే ఒకసారి చూడాలని ఉంది.”

దాయీ అంటే అమ్మ. పిన్ని కదల్లేదు. నేను చెయ్యి పట్టి లేపాను. వేదిక మీదికి వెళ్ళేసరికి దులారీ ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుంది. యాంకరు ఊరుకోకుండా, సినిమాలో డైలాగు సొంత గొంతుతో చెప్పమని మైకు పిన్ని ముందు పెట్టాడు. పిన్ని కళ్ళు మూసుకుని, “మోర్ బేటా, తైఁ కహాఁ గే రహే?” అంది. ఎక్కడికి పోయావురా నా కొడకా అని అర్థం. పదాలు ఛత్తీస్‌గఢీవే, సాగదీత మాత్రం అచ్చం శ్రీకాకుళానిది. హాల్లో కొందరు నవ్వారు. వెంటనే, ఊరి శివార్లలోని ఉర్లా ఫ్యాక్టరీల నుంచి వచ్చిన తెలుగువాళ్ళు వెనక వరసల్లోంచి “మళ్ళీ చెప్పమ్మా!” అని అరిచారు. రెండోసారి చెప్పేటప్పటికి ఎవరూ నవ్వలేదు. చప్పట్లు మోగాయి. నేను రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాను.

సహాయనటి అవార్డు వేరే ఆవిడకి వచ్చింది. పిన్ని మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది. బయట టీ తాగుతుంటే దులారీ వచ్చి, ఆదివారాలు తిల్దా రమ్మని, ఛత్తీస్‌గఢీ యాస నేర్పిస్తానని చెప్పింది.

“నేను నేర్చుకుంటే నీ పని పోదా?” అని హిందీలో అడిగింది పిన్ని.

“నీ ఒక్క నోరే ఉందా దాయీ? రాయ్‌పూర్‌లో ఎన్ని నోళ్ళున్నాయో!” అంది దులారీ. ఇద్దరూ నవ్వుకుంటూ ఫోన్ నంబర్లు రాసుకున్నారు.

తెర మీద ఒక తల్లి ఏడిస్తే దాని వెనక ఎంతమంది ఊపిరి ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ వేళ ఆ ఇద్దరినీ పక్కపక్కన చూశాక, తన పని పోతుందన్న భయం లేకుండా ఉన్నది ఇంకొకరికి పంచడం ఎంత అందమైనదో తెలిసింది. మీరూ ఇలాంటి సభకి వెళ్తే ఒక మాట: పేర్లు చదివేది హిందీలో, ప్రసంగాలు ఛత్తీస్‌గఢీలో. రెండూ తెలిసిన మనిషి పక్కన సీటు చూసుకోండి.